సున్నా చూపని సెన్సర్: ఒక బీఎస్-6 డీజిల్ బండి కేసు

ఈ కేసులో చెడిపోయిన వస్తువు ఖరీదు 4,200 రూపాయలు. అది చెడిందని కనిపెట్టడానికి నాకు ఒకటిన్నర రోజు పట్టింది, మార్చడానికి ఇరవై నిమిషాలు. మార్చామన్న సంగతి బండికి తెలియజెప్పడానికి మాత్రం తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజుల కోసమే ఈ కేసును మొదటి నుంచీ రాస్తున్నాను.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఆరేళ్ళుగా షెడ్డు నడుపుతున్నాను. నా దగ్గర నలుగురు కుర్రాళ్ళు పనిచేస్తారు. ఏ కార్ల కంపెనీతోనూ మాకు ఒప్పందం లేదు.

బండి ఏడుగురు కూర్చునే డీజిల్ వాహనం, 2021 మోడల్. 1,12,000 కిలోమీటర్లు తిరిగింది, వారంటీ దాటిపోయింది. యజమానే డ్రైవరు. గన్నవరం విమానాశ్రయానికీ నగరంలోని హోటళ్ళకూ మధ్య కిరాయిలు తోలుకుంటాడు. ముందు డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే జల్లెడ) లైటు వెలిగిందట. వారం తరువాత ఇంజిన్ లైటు కూడా వెలిగి, బండి సరిగా లాగడం మానేసింది. కంపెనీ అధీకృత వర్క్‌షాప్‌కు తీసుకువెళ్తే స్కాన్ చేసి, డీపీఎఫ్ పూడుకుపోయింది, కొత్తది వేయాలి అన్నారు. అంచనా 1,40,000 రూపాయలు.

"మేస్త్రీ గారూ, ఇంకా పద్నాలుగు కిస్తీలు కట్టాలి. మార్చక తప్పదంటే ఎక్కడో అప్పు తెస్తాను. తప్పదో కాదో మీరు చూసి చెప్పండి" అన్నాడు.

డీపీఎఫ్ గురించి తెలియనివారికి రెండు మాటలు. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చినప్పటి నుంచి మన డీజిల్ కార్లలో పొగ గొట్టంలోనే ఒక జల్లెడ ఉంటోంది. తేనెపట్టు లాంటి పింగాణీ దిమ్మె అది. గదులు ఒకటి విడిచి ఒకటి మూసి ఉంటాయి. పొగ గోడల గుండా వెళ్ళాలి, మసి లోపలే ఉండిపోవాలి. మసి ఒక మోతాదు చేరగానే ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, అదనంగా డీజిల్ చిమ్మి, లోపలి వేడిని 600 డిగ్రీల దాకా పెంచి దాన్ని కాల్చేస్తుంది. హైవే మీద తిరిగే బండిలో ఇది డ్రైవరుకు తెలియకుండానే జరిగిపోతుంది. నగరంలో ఆగి ఆగి నడిచే బండిలో కాల్చడం మొదలై, మధ్యలో ఇంజిన్ ఆపేయడంతో సగంలో ఆగిపోతుంది. చిమ్మిన డీజిల్‌లో కొంత ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. ఈ బండిలో ఆయిల్ కొలిచే కడ్డీ (డిప్‌స్టిక్) మీద ఆయిల్ పై గీత దాటి ఉండడానికి కారణం అదే.

లోపల ఎంత మసి చేరిందో ఈసీయూ కళ్ళతో చూడలేదు, లెక్కగడుతుంది. ఆ లెక్కలో ప్రధానమైన సాక్షి ఒక చిన్న సెన్సర్. జల్లెడకు ముందొకటి, వెనకొకటి రెండు రబ్బరు గొట్టాలు దానికి వస్తాయి. రెండింటి మధ్య పీడనం ఎంత తేడా ఉందో అది చెబుతుంది. తేడా పెరిగితే జల్లెడ పూడుతోందని అర్థం.

స్కానర్ పెడితే పీ2463 అన్న కోడ్ ఒక్కటే వచ్చింది, అంటే డీపీఎఫ్‌లో మసి మితిమీరింది. అధీకృత వర్క్‌షాప్‌లో చూసింది కూడా ఇదే కోడ్. వాళ్ళు కోడ్ చదివి అక్కడే ఆగిపోయారు. నేను కూడా మొదటి రోజు ఒక తప్పు చేశాను. నగరంలో తిరిగే బండి కదా, మసి కాలక పేరుకుని ఉంటుంది అనుకుని, కోడ్ చెరిపి హైదరాబాద్ రోడ్డు మీద నందిగామ దాకా తోలుకుని వెళ్ళాను. ఇబ్రహీంపట్నం దాటి కొంతదూరం బాగానే లాగింది. తిరుగు ప్రయాణంలో మళ్ళీ లైటు వెలిగి బండి మూలిగింది. ఒక పూట, కొంత డీజిల్ పోయాయి. మొదట చూడవలసిన అంకెను నేను మొదట చూడలేదు.

ఆ అంకె ఇది. తాళం తిప్పి, ఇంజిన్ వేయకుండా స్కానర్‌లో ఆ పీడన వ్యత్యాసం చూడాలి. ఇంజిన్ తిరగనప్పుడు పొగ ఉండదు, ముందూ వెనకా ఒకే గాలి. అక్కడ సున్నా కనిపించాలి, లేదా సున్నాకు అటూ ఇటూ ఒకటి రెండు. ఈ బండిలో 34 మిల్లీబార్లు కనిపించాయి.

అంటే కదలని ఇంజిన్ ముందు నిలబడి సెన్సర్ అబద్ధం చెబుతోంది. అయినా సెన్సర్ చెడిందని వేరే కోడ్ ఎందుకు రాలేదు? సెన్సర్‌ను అనుమానించడానికి ఈసీయూకు ఒక గీత ఉంటుంది. 34 ఆ గీత దాకా రాలేదని నా అభిప్రాయం. ఆ గీత ఎక్కడుందో కంపెనీ మాన్యువల్‌లో ఉంటుంది. మాన్యువల్ నా దగ్గర లేదు.

కాబట్టి చేతులతో చూడవలసి వచ్చింది. గొట్టాలు విప్పి ఊదాను. చిట్లలేదు, పూడలేదు. జల్లెడ ముందు గొట్టానికి మామూలు పీడనం మీటరు తగిలించి, స్కానర్ అంకెలతో పోల్చాను. ఐడిలింగ్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే తిరిగేటప్పుడు) స్కానర్ 43 అంటే మీటరు 8 చూపింది. 3,000 ఆర్‌పీఎం దగ్గర స్కానర్ 96, మీటరు 61. రెండు చోట్లా తేడా 35. తప్పు జల్లెడది కాదు, సెన్సర్‌దే. అది అన్ని వేళలా 35 ఎక్కువ చెబుతోంది.

మరి 61 సరైనదేనా? పూడని జల్లెడలో 3,000 ఆర్‌పీఎం దగ్గర ఎంత ఉండాలి? ఇది కూడా మాన్యువల్‌లో ఉండే అంకే. దాని కోసం నేను చేసిన పని చెబుతాను. బ్రేకు ప్యాడ్లు మార్చుకోవడానికి మా పక్క షెడ్డుకు అదే మోడల్, అదే ఏడాది బండి ఒకటి వచ్చింది. దాని యజమానిని అరగంట అడుక్కుని, దానికి కూడా మీటరు తగిలించాను. ఐడిలింగ్‌లో 6, 3,000 దగ్గర 52. అప్పుడు ధైర్యం వచ్చింది. మా బండి జల్లెడలో కొంత మసి ఉంది గానీ, అది పారేయవలసిన జల్లెడ కాదు. కంపెనీ పుస్తకంలో ఒక్క వరుసలో ఉండే సంగతి కోసం నేను మరొకరి బండిని ప్రమాణంగా పెట్టుకోవలసి వచ్చింది. ఆ రోజు ఆ బండి రాకపోతే ఈ కేసు ఇంత స్పష్టంగా తేలేది కాదు.

వైరింగ్ పటం కూడా లేదు. సెన్సర్‌కు మూడు వైర్లు. మల్టీమీటరుతో వెతికితే ఒకదానిలో 5 వోల్టులు, ఒకటి ఎర్తు, మిగిలింది సంకేతం తెచ్చేది. దానిలో 0.64 వోల్టు ఉంది. గొట్టాలు తీసేసి రెండు మూతులూ గాలికి వదిలినా 0.64. ఈ రకం సెన్సర్లలో సున్నా దగ్గర 0.5 ఉంటుంది. ఇక అనుమానం లేదు. లోపలికి తేమ, మసి కలిసిన ఆమ్లపు నీరు చేరి చెడిపోయింది. విప్పినప్పుడు ఒక మూతి నుంచి నల్లటి చుక్క జారింది కూడా.

కొత్త సెన్సర్ బజారులోనే దొరికింది. కార్ల కంపెనీకి ఆ సెన్సర్ తయారుచేసి ఇచ్చే సంస్థే తన పెట్టెలో పెట్టి అమ్ముతోంది. బిగించి, తాళం తిప్పి, ఇంజిన్ వేయకుండా చూశాను. సున్నా వచ్చింది.

ఇంతవరకు ఇది మరమ్మతు కథ. ఇక్కడి నుంచి వేరే కథ.

తాళం ఎక్కడ పడింది

సెన్సర్ మారినా ఈసీయూ తన పాత లెక్కను మరిచిపోదు. వారాల తరబడి తప్పుడు సాక్ష్యం విని, జల్లెడలో ప్రమాదకరమైనంత మసి ఉందని రాసుకుంది. అంత మసిని కాలిస్తే జల్లెడ పగులుతుందని కాల్చడాన్ని నిషేధించుకుంది. సెన్సర్ మార్చామని చెప్పి, పాత లెక్కను చెరిపి, ఆ తరువాత షెడ్డులోనే మసిని కాల్పించాలి. ఈ మూడు పనులకూ ఈసీయూలో ఆదేశాలున్నాయి. మా స్కానర్‌లో వాటి పేర్లు కూడా కనిపిస్తాయి. నొక్కితే, అనుమతి లేదు అంటుంది. ఈ బండికి లోపల ఒక భద్రతా ద్వారం ఉంది. కంపెనీ సర్వర్‌లో అధీకృత డీలరు ఐడీతో లాగిన్ అయితేనే అది తెరుచుకుంటుంది. కోడ్ చదవడం ఎవరికైనా వీలవుతుంది, స్టీరింగ్ కింద ఉన్న 16 పిన్నుల సాకెట్ అందరికీ ఒకటే. కోడ్ పుట్టించిన లెక్కను సరిచేయడం మాత్రం కంపెనీ చేతిలో ఉండిపోయింది. పాత మోడళ్ళలో బయటి స్కానర్లు ఈ పని బాగానే చేసేవి. ఈ మోడల్‌కు వచ్చేసరికి ద్వారం మూశారు.

నేను ముందు వెళ్ళింది బండికి అంచనా ఇచ్చిన వర్క్‌షాప్‌కే. మీటరు అంకెలు, వోల్టేజీ, అన్నీ కాగితం మీద రాసి తీసుకువెళ్ళాను. ఆ ఆదేశం ఒక్కటి ఇవ్వండి, మీ కూలి మీరు తీసుకోండి అన్నాను. బయట బిగించిన పార్టుకు తాము ప్రోగ్రామింగ్ చేయబోమన్నారు. కొత్త డీపీఎఫ్, కొత్త సెన్సర్ రెండూ తమ దగ్గరే వేయిస్తే చేస్తామన్నారు. కాగితం చదవలేదు.

రెండో రోజు, మూడో రోజు గడిచాయి. కిరాయిలు లేక యజమాని మా షెడ్డు బెంచీ మీద కూర్చునేవాడు. నాలుగో రోజు మరొక ప్రతిపాదన వచ్చింది. అది కూడా రాయాలి, దాచడం నాకు ఇష్టం లేదు. 18,000 రూపాయలిస్తే జల్లెడను కోసి లోపలి దిమ్మెను తీసేసి, ఈసీయూలో ఆ భాగాన్నే చెరిపేస్తానని ఒకతను చెప్పాడు. ఆ తరువాత లైటు వెలగదు, లెక్క ఉండదు, బండి కొత్తదానిలా లాగుతుంది. వెనక నడిచేవాళ్ళు ఆ మసిని పీలుస్తారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం వాహనాన్ని అలా మార్చడం తప్పు. అయినా ఈ పని చాలా చోట్ల జరుగుతోంది, చేసేవాళ్ళలో చేయి తిరిగినవాళ్ళు కూడా ఉన్నారు.

యజమాని నా ముఖం వైపు చూశాడు. రోజుకు రెండు వేలు పోగొట్టుకుంటున్న మనిషి, లక్షా నలభై వేల కాగితం జేబులో ఉన్న మనిషి. అతను ఒప్పుకుని ఉంటే అతన్ని తప్పుపట్టే నోరు నాకు లేదు. ఇంకో వారం గడువు ఇవ్వు అన్నాను.

తాళం వేస్తే మరమ్మతు ఆగిపోతుందని కంపెనీలు అనుకుంటాయో, అనుకున్నట్టు నటిస్తాయో నాకు తెలియదు. నా ఇరవై ఆరేళ్ళలో మరమ్మతు ఎప్పుడూ ఆగలేదు. సరైన దారి మూస్తే పనివాడు వంకర దారిలో వెళ్తాడు. దొంగ సాఫ్ట్‌వేర్ ఉన్న లాప్‌టాప్‌లు, దిమ్మె తీసేసిన జల్లెడలు, వైరు కోసి ఆర్పిన ఎయిర్‌బ్యాగ్ లైట్లు, అన్నీ ఆ దారిలోవే. కాలుష్యం తగ్గించడానికి పెట్టిన పరికరాన్ని కాపాడే ఆదేశాన్ని దాచిపెట్టి, చివరికి ఆ పరికరమే ఊడిపోయేలా చేస్తున్నారు.

చట్టం ఏమంది

మన దేశంలో ఈ తగువు కొత్తది కాదు. 2011లో మూడు కార్ల కంపెనీల మీద, వ్యాపారాల్లో పోటీ దెబ్బతినకుండా చూసే కాంపిటీషన్ కమిషన్‌కు ఫిర్యాదు వెళ్ళింది. విడి భాగాలను బయట అమ్మనివ్వడం లేదనీ, రిపేరు మాన్యువల్స్, డయాగ్నొస్టిక్ పరికరాలు స్వతంత్ర షెడ్లకు అందనివ్వడం లేదనీ. విచారణలో ఇది మూడు కంపెనీల సంగతి కాదని తేలి, మిగతా కంపెనీలకూ విస్తరించారు. 2014 ఆగస్టు 25న కమిషన్ 14 కంపెనీలకు కలిపి 2,544.65 కోట్ల రూపాయల జరిమానా వేసింది.

జరిమానా అంకెనే అందరూ గుర్తుపెట్టుకున్నారు. నాకు అంతకంటే ముఖ్యమైనది దాని వెనక ఉన్న తర్కం. కారు కొనేటప్పుడు మనిషికి పది కంపెనీలున్నాయి, ఎంచుకోవచ్చు. కొన్న తరువాత ఆ కారుకు సరిపోయే భాగాలు, సమాచారం ఒక్క కంపెనీ దగ్గరే ఉంటాయి. అందుచేత ఒక్కొక్క బ్రాండు మరమ్మతులు ఒక్కొక్క వేరు బజారనీ, ఆ బజారులో ఆ కంపెనీదే ఆధిపత్యమనీ కమిషన్ నిర్ణయించింది. బయట రిపేరు చేయించినంత మాత్రాన మొత్తం వారంటీ రద్దు చేయకూడదంది. బయటి పని వల్ల ఎంత నష్టం జరిగిందో అంతవరకే రద్దు చేసుకోవచ్చంది. కార్ల కంపెనీలకు భాగాలు చేసి ఇచ్చే సంస్థలు వాటిని బజారులో కూడా అమ్ముకోనివ్వాలంది. ఈ కేసులో సెన్సర్ నాకు పెట్టెలో దొరికినప్పుడు నాకు ఆ మాట గుర్తుకు వచ్చింది.

2016 డిసెంబరులో అప్పీలు విన్న ట్రైబ్యునల్, తన ముందుకు వచ్చిన మూడు కంపెనీల జరిమానాను మొత్తం టర్నోవరు మీద కాక విడి భాగాల వ్యాపారం మీదే లెక్కించాలని తగ్గించింది. తప్పు జరిగిందన్న నిర్ణయాన్ని మాత్రం నిలబెట్టింది. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలతో పాటు వాహనాలనూ అందులో చేర్చింది. రిపేరు సమాచారం కోసం ఒక పోర్టల్ కూడా వచ్చింది. ఆ పోర్టల్ ఉన్న దేశంలోనే మా షెడ్డు స్కానర్, అనుమతి లేదు అని చెప్పింది.

బయటి దేశాల సంగతి ఒకటి చెబుతాను, ఎందుకంటే ఇది జరగని పని కాదని చెప్పడానికి పనికివస్తుంది. ఐరోపా సమాఖ్య 2007లోనే యూరో 5, యూరో 6 నిబంధనలతో పాటే రిపేరు సమాచారాన్ని స్వతంత్ర షెడ్లకు ఇవ్వాలని రాసింది. ఉచితంగా కాదు, గంటకు, రోజుకు, నెలకు, ఏడాదికి తగిన రుసుము తీసుకుని. కాలుష్య ప్రమాణాన్నీ రిపేరు సమాచారాన్నీ ఒకే కాగితం మీద పెట్టారు. మనం బీఎస్-6 ప్రమాణాలను అక్కడి ప్రమాణాల నుంచే తీసుకున్నాం. జల్లెడను తెచ్చుకుని, జల్లెడను బాగుచేసే హక్కును అక్కడే వదిలేశాం. 2023 అక్టోబరులో ఐరోపా న్యాయస్థానం మా బండిలో ఉన్నటువంటి భద్రతా ద్వారం మీదే తీర్పు చెప్పింది. చట్టంలో లేని రిజిస్ట్రేషన్, సర్వర్ అనుసంధానం వంటి షరతులను కంపెనీ సొంతంగా పెట్టకూడదని. అమెరికాలోని మాసచూసెట్స్‌లో 2012లో ఇదే హక్కును ప్రజల ఓటుకు పెడితే 86 శాతం మంది షెడ్ల పక్షాన నిలిచారు. 2014 మొదట్లో కంపెనీలు దేశమంతటికీ వర్తించే ఒప్పందానికి వచ్చాయి.

కంపెనీల వాదనలు నేను తేలిగ్గా తీసుకోను. దొంగతనం అంటారు. నిజమే, తాళం చెవిని ప్రోగ్రాం చేసే ఆదేశం ఎవరికి పడితే వారికి ఇవ్వకూడదు. అమెరికాలో తాళాలు, ఇమ్మొబిలైజర్ల (అసలు తాళం చెవి లేనిదే ఇంజిన్ తిరగనివ్వని పరికరాల) పని చేసేవారిని ముందే పరిశీలించి నమోదు చేసుకుంటారు. మా చరిత్ర చూడండి, వేలిముద్రలు తీసుకోండి, ఏ బండికి ఎప్పుడు ఏ ఆదేశం ఇచ్చామో రాసుకోండి. నేను సంతోషంగా సంతకం పెడతాను. కానీ డీపీఎఫ్ సెన్సర్ లెక్క చెరిపి కారు దొంగిలించినవాడు ఎవరూ లేడు. దానికీ తాళం చెవికీ ఒకే తాళం వేయడం భద్రత కాదు.

నైపుణ్యం లేదంటారు. కొందరికి లేదు, పైన రాసిన 18,000 రూపాయల పని చేసేవాడే అందుకు సాక్ష్యం. అయితే అధీకృత వర్క్‌షాప్ కుర్రాళ్ళు, నా కుర్రాళ్ళు ఒకే ఐటీఐ బెంచీల నుంచి వచ్చారు. నా దగ్గర నాలుగేళ్ళు చేసిన ఒక కుర్రాడు ఇప్పుడు అధీకృత వర్క్‌షాప్‌లో పనిచేస్తున్నాడు. చొక్కా రంగు మారిన రోజున అతని చేతికి మాన్యువల్ అందింది. స్వతంత్ర షెడ్లకు శిక్షణ ఏర్పాట్లు చేయవచ్చని 2014 ఉత్తర్వులోనే కమిషన్ సూచించింది. నన్ను పిలిస్తే, రుసుము కట్టి, షెడ్డు మూసుకుని వెళ్ళి కూర్చుంటాను.

కేసు ఎలా ముగిసింది

తొమ్మిదో రోజున పక్క జిల్లాలో అదే కంపెనీ అధీకృత వర్క్‌షాప్ ఒకటి ఒప్పుకుంది. అక్కడి ఫోర్‌మన్ నా కాగితం మొత్తం చదివాడు. తానూ ఒకసారి ఇంజిన్ వేయకుండా సున్నా చూసుకున్నాడు. కొత్త సెన్సర్ నమోదు, పాత లెక్క చెరపడం, మసి కాల్చడం, అన్నీ కలిపి నలభై నిమిషాలు. కూలి రెండు వేలు, పన్నుతో 2,360 రూపాయలు. మసి కాలేటప్పుడు మేము ఇద్దరం బండి పక్కనే నిలబడ్డాం. కాల్చడం పూర్తయ్యాక 3,000 దగ్గర 54 వచ్చింది, నేను ప్రమాణంగా తీసుకున్న బండి కంటే రెండే ఎక్కువ.

షెడ్డుకు వచ్చి ఇంజిన్ ఆయిల్, ఫిల్టరు మార్చాను. డీజిల్ కలిసిన ఆయిల్‌తో తిప్పితే టర్బో దెబ్బతింటుంది. బూడిద తక్కువ మిగిల్చే రకం ఆయిల్ పోశాను. ఈ బండ్లలో అది తప్పనిసరి, ఎందుకంటే మసి కాలుతుంది గానీ ఆయిల్ బూడిద కాలదు, జల్లెడలోనే ఉండిపోతుంది. సెన్సర్‌లోకి మళ్ళీ నీరు దిగకుండా గొట్టాల వంపు సరిచేశాను. మూడు నెలల్లో 14,000 కిలోమీటర్లు తిరిగింది, లైటు వెలగలేదు. సెన్సర్, ఆయిల్, నా కూలి, పక్క జిల్లా ఖర్చు, అన్నీ కలిపి యజమానికి పదిహేను వేల లోపు అయింది. పోయిన కిరాయిలు అందులో లేవు. గంట లాగిన్‌కు కంపెనీ రెండు మూడు వేలు అడిగి ఉన్నా, రెండో రోజు సాయంత్రానికి బండి రోడ్డు మీద ఉండేది.

ఇలాంటి బండి మీ దగ్గరకు వస్తే ముందుగా ఇంజిన్ వేయకుండా ఆ అంకె చూడండి. పీ2463 కనిపించగానే జల్లెడను తప్పుపట్టకండి. నేను కొలిచిన అంకెలన్నీ పైన రాశాను. మీరు మరొకరి బండిని అడుక్కోనవసరం లేకుండా వాడుకోండి.

గత నెలలో అదే మోడల్ మరొకటి వచ్చింది, అదే లైటుతో. తాళం తిప్పి చూస్తే 29. ఈసారి అరగంటలో తేలింది, మరుసటి రోజుకు సెన్సర్ బిగించాను. పక్క జిల్లా ఫోర్‌మన్‌కు ఫోను చేస్తే, బయటి షెడ్లలో పని జరిగిన బండ్లకు ఇకపై ఆ ఆదేశం ఇవ్వవద్దని పైనుంచి మాట వచ్చిందన్నాడు. క్షమించమని కూడా అన్నాడు, అతను అనవలసిన అవసరం లేకపోయినా. బండి ఇంకా నా షెడ్డులోనే ఉంది. స్కానర్‌లో సెన్సర్ సున్నా చూపుతోంది.